మెదడు సదస్సుల్లో మనవాళ్లేరీ?

* పరిశోధనాంశం మన సంతలోనే... కబురే అందడం లేదు
* తలుపులు తెరిచే ఉన్నాయ్... తట్టే దారి తెలియాలి

రాయగడ/కొరాపుట్, ప్రత్యేక ప్రతినిధి:

రాయగడ సంతకు అల్లం, చింతపండు తెచ్చే కోందు మహిళ తోటివారితో కువిలో మాట్లాడుతుంది. సరుకు కొనే వర్తకుడితో తెలుగులో బేరమాడుతుంది. బ్యాంకు కౌంటరు దగ్గర ఒడియా. టీవీ హిందీ సరేసరి. కొరాపుట్, జయపురం వైపు వెళితే ఈ వరుసలో దేశియా కూడా చేరుతుంది. మనకిది వింతేమీ కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ ఒకే మనిషి ఇన్ని భాషల మధ్య తడబడకుండా ఎలా తిరుగుతున్నారు, అలా తిరగడం వల్ల మెదడుకు ఒరిగేదేమిటి... అన్న ప్రశ్న మీద హైదరాబాదు, బెంగళూరు మొదలు ఎడిన్‌బరో దాకా పరిశోధకులు గంటల తరబడి వాదించుకుంటున్నారు. ఆ వాదన జరిగే చోటే న్యూరోసైన్స్ సెమినారు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులే అక్కడ ప్రధాన శ్రోతలు. వాళ్లు చర్చించే సంగతి మన ఇంట్లోది. వినేవాళ్లలో మాత్రం మన జిల్లాల పిల్లలు ఉండాల్సినంతగా లేరు.

డిగ్రీలో జువాలజీయో, కెమిస్ట్రీయో చదివిన పిల్లాణ్ని తర్వాతేమిటని అడిగితే బీఎడ్ అంటాడు. లేదంటే బ్యాంకు పరీక్ష, నర్సింగు. తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఇంటికి జీతం రావాలి కదా. అయితే మెదడు మీద పరిశోధన చేసినా నెలనెలా డబ్బులిస్తారనీ, అందుకు డాక్టరు చదువు అక్కర్లేదనీ, సెమినారుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటే ఎవరూ గెంటేయరనీ చెప్పేవారు కావాలి. ఈ కథనం అందుకే.

హైదరాబాదు చెప్పిన మాట

మొదట ఆ భాషల సంగతి చూద్దాం. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో జ్ఞాపకశక్తి తగ్గినవారి కోసం ప్రత్యేకంగా ఒక క్లినిక్ నడిచింది. అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను న్యూరాలజిస్టు డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు పరిశీలించారు. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. ఒకే భాష వచ్చినవారిలో జబ్బు సగటున 61 ఏళ్లకు మొదలైతే, రెండు అంతకంటే ఎక్కువ భాషలు వచ్చినవారిలో 65 దాటాక మొదలైంది. తేడా నాలుగున్నర ఏళ్లు. చదువుకున్నవాళ్లకు సహజంగానే భాషలు ఎక్కువ వస్తాయి కాబట్టి ఇది చదువు మహిమేమోనన్న అనుమానం వస్తుంది. దానికీ అందులోనే సమాధానం దొరికింది. అక్షరం ముక్క రానివాళ్లలోనూ రెండు భాషలవారికి జబ్బు ఆలస్యంగానే వచ్చింది. పైపెచ్చు వాళ్లలో తేడా ఇంకా ఎక్కువ.

ఈ ఫలితం ఎందుకంత పేరు తెచ్చుకుందంటే, అంతకుముందు కెనడాలో చేసిన ఇలాంటి పరిశోధనల్లో రెండు భాషలవాళ్లు చాలామంది వలస వచ్చినవారే. వలస వెళ్లేవాళ్లు మొదటి నుంచీ ఆరోగ్యవంతులేమో, తేడా అందువల్లే వచ్చిందేమో అని వాదించేందుకు వీలుండేది. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. అక్కడ తెలుగు, ఉర్దూ, హిందీ పుట్టినప్పటి నుంచీ చెవిన పడేవే. మన దగ్గరా అంతే. అదే బృందం 2016లో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించింది. దెబ్బ తర్వాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవారు ఒకే భాష వచ్చినవారిలో దాదాపు 20 శాతమైతే, రెండు భాషలవారిలో 40 శాతం ఉన్నట్టు తేలింది.

ఇక్కడో మెలిక ఉంది. రెండుకు మించి భాషలొస్తే అదనపు లాభం ఉంటుందా అంటే, 2013 పరిశోధనలో అలాంటిదేమీ కనిపించలేదు. కాబట్టి నాలుగు భాషలొచ్చిన మనవాళ్లు మురిసిపోయి ఊరుకోవడానికి లేదు. పైగా ఇతర దేశాల్లో చేసిన కొన్ని పరిశోధనలు భాషలకూ డిమెన్షియాకూ అంత గట్టి సంబంధం కనిపించడం లేదంటున్నాయి. అంటే విషయం ఇంకా తేలలేదు. తేలని విషయమే విద్యార్థికి పండగ. సంతలో నాలుగు భాషలు, ఇంట్లో రెండు, బడిలో మరొకటి మాట్లాడే కొరాపుట్ లాంటి చోటు ఈ ప్రశ్నకు దొరికిన సహజమైన ప్రయోగశాల.

ఈ దారిలో ఒడిశా ముందే నడిచింది. మనస్తత్వ శాస్త్రవేత్త అజిత్ మొహంతి ఫుల్బాణి ప్రాంతంలోని కోందు పిల్లల్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. కుయి, ఒడియా రెండూ వచ్చిన పిల్లలు, కుయి మరిచిపోయి ఒడియా ఒక్కటే మిగిలిన పిల్లల కంటే భాష, ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని చూపించారు. ఆయన పుస్తకం 1994లో వచ్చింది. ఇంటి భాష బిడ్డ బుర్రకు బరువు అనుకునే మాస్టార్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు చదవాల్సిన పుస్తకమది.

ఇంతకీ ఏముంటుందక్కడ?

సెమినారు అనగానే మన కాలేజీల్లో గుర్తొచ్చేది వేదిక, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యం. ఆయన వెళ్లిపోయాక అసలు పేపరు చదివేసరికి హాలు ఖాళీ. పరిశోధన సంస్థల్లో వారం వారం జరిగే సెమినారు అలా ఉండదు. ఒక గది, ఒక తెర, ముప్పయ్యో నలభయ్యో కుర్చీలు. ముందో తర్వాతో టీ, బిస్కెట్లు. వక్త ముప్పావుగంట చెబుతారు. మిగతా సమయమంతా ప్రశ్నలే. నిన్న చేరిన విద్యార్థి ప్రశ్న అడిగినా ప్రొఫెసరు నిలబడి జవాబు చెప్పాల్సిందే.

వీటిలో రకాలున్నాయి. ‘జర్నల్ క్లబ్’లో ఎవరో రాసిన పరిశోధన పత్రాన్ని ఒక విద్యార్థి చదివి అందరి ముందూ విప్పి చెబుతాడు. అందులోని లోపాలు వెతకడమే అక్కడి పని. ‘వర్క్ సెమినారు’లో తన సొంత పని ఎంతవరకు వచ్చిందో చూపిస్తాడు. ఇక పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష. చాలా విశ్వవిద్యాలయాల్లో ఇది బహిరంగంగానే జరుగుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. తేదీ, గది నంబరుతో నోటీసు పెడతారు. అయిదేళ్ల కష్టాన్ని ఒక మనిషి గంటలో ఎలా చెబుతున్నాడు, పరీక్షకుడు ఎక్కడ పట్టుకుంటున్నాడు... ఇది చూస్తే వంద పుస్తకాలు చదివినంత. సినిమాకు టిక్కెట్టుంది గానీ దీనికి లేదు.

పెద్ద సదస్సుల తీరు వేరు. అక్కడ ‘పోస్టరు సెషన్’ ఉంటుంది. తలుపంత కాగితం మీద తన పరిశోధనను బొమ్మలు, గ్రాఫులతో అచ్చేయించి గోడకు తగిలించి పక్కన నిలబడాలి. వచ్చేపోయేవాళ్లు అడుగుతుంటే చెబుతూ ఉండాలి. ఒకరకంగా సంతలో దుకాణమే. బేరం చేసే భాష మాత్రం ఇంగ్లిషు.

జయపురం డబ్బు, విశాఖ చదువు

ఈ చదువులు మనకు దూరపువి అనుకోవడానికి వీల్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా కొరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో భాగం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైన్సు, టెక్నాలజీ చదువులు మొదలు కావడానికి అండగా నిలిచింది జయపురం మహారాజు విక్రమదేవ వర్మ. ఏటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చారాయన. అప్పటి లక్ష! సైన్సు కళాశాలకు జయపురం విక్రమదేవ పేరే పెట్టారు. తెలుగులో, ఒడియాలో రెండింటా రచనలు చేసిన రాజు ఆయన. జయపురంలో ఆయన పేరుతో ఉన్న కాలేజీ 2023లో విశ్వవిద్యాలయమైంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ తర్వాత దేశంలో మెదడు పరిశోధనకు పెద్ద దిక్కయ్యారు. హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి తొలి డైరెక్టరు ఆమె. 2009లో బెంగళూరు ఐఐఎస్‌సీలో న్యూరోసైన్స్ కేంద్రాన్ని నెలకొల్పారు. 2010లో పద్మశ్రీ వచ్చింది. ఆమె పట్టుకుని పరిశోధించిన సమస్యల్లో ఒకటి కేసరి పప్పు. కరవు రోజుల్లో పేదవాడు తినే ఆ పప్పు అదేపనిగా తింటే కాళ్లు చచ్చుబడతాయి. అందులోని విషం నరకణాలను ఎలా దెబ్బతీస్తుందో ఆమె బృందం వివరించింది. పేదవాడి కంచంలోంచి పుట్టిన ప్రశ్న అది. అలాంటివి మన దగ్గరా ఉన్నాయి.

మల్కన్‌గిరి మరవకూడదు

2016 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పక్కనున్న మల్కన్‌గిరి జిల్లాలో వంద మంది దాకా పసిపిల్లలు పోయారు. ఎక్కువమంది గిరిజనుల బిడ్డలే. జ్వరం, ఫిట్సు, స్పృహ తప్పడం... గంటల్లో ప్రాణం పోవడం. దోమలు, పందుల వల్ల వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. కొందరి రక్తంలో ఆ వైరస్ ఆనవాళ్లు దొరికాయి కూడా. కానీ మిగతా పిల్లల్లో లెక్క కుదరలేదు. వెల్లూరుకు చెందిన ప్రముఖ వైరస్ నిపుణుడు డాక్టర్ టి.జాకబ్ జాన్ నాయకత్వంలో వచ్చిన బృందం వేరే కారణం చూపింది. ఒడియాలో బొణొ చకుండా అంటారు. మనం కసివింద అంటాం. దారి పక్కన, ఇళ్ల వెనక పెరిగే పసుపు పూల మొక్క. దాని గింజల్లో ఉండే ఆంత్రాక్వినోన్లు అనే పదార్థాలు పసివాళ్ల కాలేయాన్ని, కండరాలను, మెదడును ఒకేసారి దెబ్బతీస్తాయి. తిండి చాలని పిల్లలు కాయలు వలిచి గింజలు తింటే ఇక చెప్పేదేముంది. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో ఏటేటా వచ్చిపోయే ఇలాంటి ‘మెదడువాపు’కు కసివిందే కారణమని అంతకు పదేళ్ల ముందే తేల్చినవారిలో డాక్టర్ జాకబ్ జాన్ ఒకరు. అంటే అక్కడి సంగతి తెలిసిన మనిషి ఇక్కడికొచ్చి చూశాకే గుట్టు బయటపడింది.

జబ్బు మన ఊళ్లోది, జవాబు ఎక్కడో అచ్చయిన పత్రంలోది. రెంటినీ కలిపే మనిషి ఆ సంవత్సరం బయటి నుంచి రావాల్సి వచ్చింది. మన దగ్గర మెదడు శాస్త్రం చదివినవాళ్లు పదిమంది ఉంటే ఇంకొంచెం త్వరగా తేలేదా? ఎవరూ గట్టిగా చెప్పలేరు. కానీ అడగాల్సిన ప్రశ్నే.

మలేరియా కథా ఇంతే. ఫాల్సిపారం రకం మలేరియా మెదడుకెక్కితే రోగి కోమాలోకి వెళతాడు. పరాన్నజీవి చేరిన ఎర్ర రక్తకణాలు మెదడులోని సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుని రక్తం పోకుండా అడ్డుపడతాయి. ఒడిశాలోనే, రూర్కెలా ఇస్పాత్ జనరల్ ఆసుపత్రిలో ఇలాంటి రోగులకు ఎమ్మారై తీసి మెదడు ఎక్కడ ఎంత వాస్తోందో పరిశీలించారు. ఆ ఫలితాలు అంతర్జాతీయ పత్రికల్లో వచ్చాయి. ఒడిశాలో 2016లో నాలుగు లక్షలు దాటిన మలేరియా కేసులు, మారుమూల గ్రామాల్లో ఇంటింటికీ పరీక్షలు చేసే ‘దమన్’ కార్యక్రమం వచ్చాక 2019 నాటికి 40 వేలకు దిగాయి. ఆ తర్వాత మళ్లీ పెరిగాయి. రాయగడ, కొరాపుట్‌లకు ఈ జ్వరం కొత్త కాదు. బిసంకటక్‌లోని క్రిస్టియన్ ఆసుపత్రి 1954 నుంచీ ఈ రోగుల్ని చూస్తూనే ఉంది. కొరాపుట్‌లో 2017లో మొదలైన షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలకూ ఈ రోగులే వస్తారు.

మూర్ఛ సంగతి వేరే చెప్పాలా? ఫిట్సు రాగానే చేతిలో తాళాల గుత్తి పెట్టేవాళ్లు, ఉల్లిపాయ వాసన చూపించేవాళ్లు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నారు. ఆ సమయంలో చేయాల్సింది మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం. అయిదు నిమిషాలు దాటినా తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లడం. అంతే. మూర్ఛకు కారణాల్లో పంది మాంసం నుంచి వచ్చే బద్దెపురుగు తిత్తులు మెదడులో చేరడం ఒకటి. ఇది నివారించగలిగినది. ఏటా నవంబరు 17న జాతీయ మూర్ఛ దినం జరుపుతారు. ఆరోజు కాలేజీలో ఒక గంట దీని గురించి మాట్లాడటానికి నిధులేమీ అక్కర్లేదు.

ఎక్కడికి వెళ్లాలి?

మనకు దగ్గర దారి హైదరాబాదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది. భాష, దృష్టి, ధ్యాస, నిర్ణయాలు... ఇవన్నీ మెదడులో ఎలా నడుస్తాయో అక్కడ చదువుతారు. సైన్సు వాళ్లకే కాదు, మనస్తత్వ శాస్త్రం, భాషాశాస్త్రం చదివినవాళ్లకూ ఈ రంగంలో చోటుంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ల వైపు నుంచి మెదడును చదివే కాగ్నిటివ్ సైన్స్ ల్యాబు ఉంది. హబ్సిగూడలోని సీసీఎంబీ సంగతి తెలిసిందే. సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినమైన సెప్టెంబరు 26 ప్రాంతంలో ఇలాంటి జాతీయ ప్రయోగశాలలు ఒకరోజు జనానికి తలుపులు తెరుస్తాయి. లోపల తిరిగి చూడొచ్చు, పరిశోధక విద్యార్థుల్ని నిలేసి అడగొచ్చు.

బెంగళూరులో నిమ్‌హాన్స్ ఉంది. డాక్టర్ సువర్ణ అల్లాడి ఇప్పుడు పనిచేస్తున్నది అక్కడే. దానం చేసిన మానవ మెదళ్లను భద్రపరిచే బ్యాంకు అక్కడ 1995 నుంచీ ఉంది. దానికి అనుబంధంగా ఉన్న మ్యూజియంలో నిజమైన మెదడును చేతిలోకి తీసుకుని చూసే అవకాశం సందర్శకులకు ఇస్తారు. వెళ్లే ముందు ఏ రోజుల్లో తెరుస్తారో కనుక్కోవాలి. ఐఐఎస్‌సీలోని న్యూరోసైన్స్ కేంద్రం సెమినార్ల వివరాలు ముందుగానే ప్రకటిస్తారు. చెన్నై ఐఐటీలోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ గర్భస్థ శిశువుల మెదళ్లను 5,132 పలుచని ముక్కలుగా కోసి తీసిన చిత్రాల్ని ‘ధరణి’ పేరుతో 2024 డిసెంబరులో విడుదల చేసింది. వాటిని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మునిగుడలో కూర్చుని కూడా.

ప్రయాణం మాట చెప్పాలి. రాయగడ వాళ్లకు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ. కొరాపుట్ వాళ్లకు అరకు మీదుగా అదే విశాఖ. అక్కడి నుంచి హైదరాబాదు మరో రాత్రి. ఒక గంట ఉపన్యాసం కోసం రెండు రాత్రుల రైలు అంటే ఎవరింట్లో ఒప్పుకుంటారు? ఒప్పుకోరు. అందుకే 2020 నాటి కొవిడ్ మనలాంటి వాళ్లకు ఒక మేలు చేసిందనుకోవాలి. సదస్సులు మూతపడటంతో ఉపన్యాసాలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. ‘వరల్డ్ వైడ్ న్యూరో’ అప్పుడే పుట్టింది. ‘న్యూరోమ్యాచ్ అకాడమీ’ అనే వేసవి బడి కూడా ఆ ఏడాది జులైలోనే మొదలైంది. మెదడు లెక్కల్ని కంప్యూటరులో నేర్పే ఆ బడిలో ఫీజు దేశాన్ని బట్టి తగ్గిస్తారు. సిగ్నలు ఉన్న ఊరు చూసుకోవడమొక్కటే మన కష్టం.

ఏడాదిలో చూసుకోవాల్సిన తేదీలు కొన్నున్నాయి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినం. దాని చుట్టుపక్కల అన్ని సంస్థల్లోనూ సందడే. మార్చి మధ్యలో మెదడు అవగాహన వారం వస్తుంది. 1996లో అమెరికాలో మొదలైన ఈ వారాన్ని ఇప్పుడు దేశదేశాల్లో జరుపుతున్నారు. జులై 22 ప్రపంచ మెదడు దినం. వానలు తగ్గి చలి మొదలయ్యే వేళకు పెద్ద సదస్సుల రుతువు వస్తుంది. 1982లో ఏర్పడిన ఇండియన్ అకాడమీ ఆఫ్ న్యూరోసైన్సెస్ ఏటా ఒక ఊళ్లో సదస్సు పెడుతుంది. విద్యార్థులకు ఫీజు తక్కువ. పోస్టరు పెట్టాలనుకుంటే నెలల ముందే సారాంశం పంపాలి. అమెరికాలో 1969లో ఏర్పడిన సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ సభలూ ఈ రోజుల్లోనే. వేలాది మంది వచ్చే జాతర అది. అంతదూరం ఇప్పట్లో వద్దనుకున్నా, అక్కడ ఏం మాట్లాడుతున్నారో చూస్తే ఈ శాస్త్రం గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది.

‘లోకల్’ బాధ లేని దారి

మన పిల్లలకు అసలు ముల్లు ఇక్కడుంది. ఇంట్లో తెలుగు, చేతిలో ఒడిశా సర్టిఫికెట్టు. ఆంధ్రప్రదేశ్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. మిగిలిన వాటికి పోటీ పడాలి. అక్కడికెళితే ‘మీరు ఒడిశావాళ్లు కదా’ అంటారు. ఇక్కడేమో ‘మీరు తెలుగువాళ్లు కదా’. ఈ తిప్పలు పడినవారికి ఒక సంగతి చెప్పాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఈ స్థానికత లెక్క లేదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీకి దేశమంతటికీ ఒకటే పరీక్ష, సీయూఈటీ పీజీ. 2009లో మొదలై సునాబెడలో నడుస్తున్న మన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయానికీ అదే. ఒకే పరీక్షతో రెండు చోట్లా ప్రయత్నించొచ్చు. సాధారణంగా చలికాలంలో దరఖాస్తులు తీసుకుని మార్చి ప్రాంతంలో పరీక్ష పెడుతున్నారు.

ఎస్టీ, ఎస్సీ ధ్రువపత్రాలు ఎవరి సొంత రాష్ట్రం జాబితా ప్రకారం వాళ్లవి కేంద్ర సంస్థల్లో చెల్లుతాయి. రాయగడ తహసీల్దారు ఇచ్చిన కాగితం హైదరాబాదులోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పనికొస్తుంది. ఓబీసీ వాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలో ఉండాలని లేదు. కేంద్రం నమూనాలో ఉన్న పత్రం విడిగా తీసుకోవాలి. చివరి రోజు ఆఫీసు చుట్టూ తిరిగితే కాదు.

పీహెచ్‌డీకి వచ్చేసరికి జీతం లాంటిదే వస్తుంది. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు. ఇంటద్దె భత్యం అదనం. బీఎడ్ చేసి ప్రైవేటు బడిలో చేరితే వచ్చేదానితో పోల్చి చూసుకోండి. అయితే ఆ పరీక్ష అంత సులువేమీ కాదు. ఒకటికి రెండుసార్లు రాయాల్సి రావచ్చు. పైగా జేఆర్‌ఎఫ్ డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుందన్న ఫిర్యాదులు దేశమంతా ఉన్నవే. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి బయల్దేరాలి.

ఇంగ్లిషు భయం

ఒడియా మీడియంలోనో, తెలుగు మీడియంలోనో చదివిన విద్యార్థికి సెమినారు మొదటి పది నిమిషాలు నరకమే. వక్త వేగం, కొత్త మాటలు. దీనికి ఉపాయం వినే ముందు కొంత తెలిసి వెళ్లడం. ఐఐటీ మద్రాసు ప్రొఫెసరు వి.శ్రీనివాస చక్రవర్తి ‘డీమిస్టిఫైయింగ్ ది బ్రెయిన్’ పేరుతో చెప్పిన పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉన్నాయి. వినడం ఉచితం. ఆయన మన తెలుగువారే. తెలుగులో పాపులర్ సైన్సు విరివిగా రాశారు, అనువదించారు. ఆయన తెలుగు రచనల్లో ముందు విషయం పట్టుకుని, తర్వాత ఇంగ్లిషు పాఠాలు వింటే సగం భయం పోతుంది. న్యూరాన్, సినాప్స్ లాంటి మాటలకు తెలుగు వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. అవి ఏ భాషవాడికైనా కొత్త మాటలే.

మిగతా సగం భయం ప్రశ్న అడగడానికి. కువి, దేశియా మాట్లాడే ఊరి నుంచి వచ్చి, భాష మీద పరిశోధన చేసే గదిలో చెయ్యెత్తితే వక్తే ఆసక్తిగా వింటాడు. మీ ఊళ్లో ఇంట్లో ఏ భాష, సంతలో ఏ భాష అని తిరిగి అడుగుతాడు. వాళ్లకు పుస్తకాల్లో దొరకనిది మన దగ్గర ఉంది మరి.

మన కాలేజీలు ఏం చేయొచ్చు?

జయపురం విక్రమదేవ్ విశ్వవిద్యాలయం, రాయగడ కాలేజీ, గుణుపురం జీఐఈటీ, సునాబెడ కేంద్రీయ విశ్వవిద్యాలయం, కొరాపుట్ మెడికల్ కాలేజీ... రెండు జిల్లాల్లో సంస్థలకు లోటు లేదు. న్యూరోసైన్స్ శాఖ లేకపోతేనేం? జువాలజీ లెక్చరరు ఒకరు వారానికో ఆన్‌లైన్ ఉపన్యాసాన్ని ప్రొజెక్టరు మీద వేసి, పిల్లలతో కలిసి చూసి, అర్థం కానిది రాసుకుంటే అదే జర్నల్ క్లబ్. మెడికల్ కాలేజీ డాక్టర్లు ఒకరు వచ్చి మలేరియా రోగుల్లో తాము చూసింది చెబితే అదే సెమినారు. నోటీసు బోర్డు మీద ఆటల పోటీల పక్కన ఈ కాగితాలకూ చోటివ్వాలి. శాలువా ఖర్చు కూడా ఉండదు.

అందరికంటే ముందు కనిపెట్టుకోవాల్సింది మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్. డిగ్రీ, పీజీ విద్యార్థులు వేసవిలో రెండు నెలలు ఏదో ఒక పెద్ద ప్రయోగశాలలో శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు. రైలు ఖర్చులు, నెలకు కొంత భృతి ఇస్తారు. ఆ రెండు నెలలూ అక్కడి సెమినార్లన్నీ విద్యార్థివే. దరఖాస్తులు వేసవికి చాలా ముందు, సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లో తీసుకుంటారు. తాను ఏం చేయదలిచాడో విద్యార్థి ఒక పేజీ రాయాలి. పాఠం చెప్పిన లెక్చరరు సిఫార్సు లేఖ జతచేయాలి. దసరాకు కాలేజీ మూసేస్తే లెక్చరర్లు ఊళ్లకు వెళ్లిపోతారు. కాబట్టి ఆ లేఖ సెప్టెంబరులోనే అడిగి పెట్టుకోవడం మంచిది.